సుత్తి, అడకత్తెర, త్రాసు: పాత చేతి పనిముట్లతో రైఫిల్ తూటాల రీలోడింగ్ – తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో మా ఇంటి గ్యారేజీలో ఒక మూలన చెక్కబల్ల ఉంది. దాని మీద ప్లాస్టిక్ తల ఉన్న సుత్తి, అడకత్తెరను పోలిన ఇనుప పట్టకారు, చిన్న త్రాసు, పొడవాటి కాడలున్న బుల్లి గరిటెలు ఉంటాయి. ఇంటికి వచ్చిన తెలుగు మిత్రులు వాటిని చూసి ముందుగా అడిగేది, "కంసాలి పని నేర్చుకుంటున్నారా?" అనే. అసలు సంగతి తెలిశాక ప్రశ్నలు మారిపోతాయి. ఎక్కువసార్లు విన్నవి కింద ఇస్తున్నాను. ఏ తూటాకు ఎంత మందు పోయాలనే అంకెలు మాత్రం ఇక్కడ దొరకవు. ఎందుకో ఆ ప్రశ్న దగ్గరే చెప్పాను.

అసలు రీలోడింగ్ అంటే ఏమిటి?

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న బిళ్ల), లోపల మందు, మూతి దగ్గర గుండు. పాత తుపాకుల్లో రంజకం చేసిన పనిని ఇప్పుడు ప్రైమర్ చేస్తుంది. పేల్చిన తర్వాత మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. మిగిలేది కేసు ఒక్కటే, నాలుగింటిలోనూ ఖరీదైనది అదే. చచ్చిన ప్రైమర్‌ను తీసి, సాగిన మెడను మళ్లీ బిగించి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు కొలిచి పోసి, కొత్త గుండు కూర్చితే ఆ కేసు మళ్లీ తూటా అవుతుంది.

ఇండియాలో ఇంట్లో చేసుకోవచ్చా?

చేయకూడదు. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తయారీకి అనుమతి ఉన్నట్టు కాదు. కాబట్టి ఇక్కడ రాసిందంతా ఈ పని చట్టబద్ధమైన అమెరికాలో ఉన్నవారి కోసం. ఇంకొక మాట. షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన సంచినే సర్దుకుని హైదరాబాద్ విమానం ఎక్కకండి. అడుగున ఎక్కడో ఒక్క తూటా మిగిలి ఉన్నా, దిగిన చోట మీ సెలవులు పోలీసు స్టేషన్‌లో మొదలవుతాయి.

హెచ్-1బి వీసా మీద ఉన్నాను. నేను చేయవచ్చా?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనవాళ్లకు ఎక్కువగా వర్తించేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. అది ఉంది కదా అని ధీమాగా బల్ల కొనేయకండి, ముందు న్యాయవాదిని అడగండి. వీసా కాగితాలు పోగొట్టుకునేంత గొప్ప సరదా ఏదీ లేదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

అమెరికాలో దీనికి లైసెన్సు కావాలా?

సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మే వ్యాపారం పెట్టాలంటే కావాలి. మందు ఇంట్లో ఎంత నిల్వ ఉంచవచ్చు, ఏ డబ్బాలో ఉంచాలి అనేవి మీ ఊరి అగ్నిమాపక నిబంధనలు చెబుతాయి.

పాత పనిముట్లు అంటే ఏవి? ఎంత పాతవి?

నా బల్ల మీద రెండు వంశాలు ఉన్నాయి.

మొదటిది పట్టకారు వంశం. జాన్ బార్లో అనే ఆయన 1884లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో 'ఐడియల్' అనే కంపెనీ పెట్టి, జేబులో పట్టే రీలోడింగ్ పట్టకార్లు తయారు చేశాడు. రైల్వే స్టేషన్‌కు, దుకాణానికి రోజుల దూరంలో బతికే వేటగాళ్లకు, పశువుల కాపరులకు అవే తూటాల కర్మాగారం. కొన్ని నమూనాల్లో సీసం కరిగించి గుండ్లు పోసే అచ్చు కూడా పట్టకారు మూతి దగ్గరే ఉండేది. పిడులు కూడా ఇనుమే కావడంతో పది గుండ్లు పోసేసరికి చెయ్యి కాలేది. ఆ కంపెనీ చేతులు మారి 1925లో లైమన్ సంస్థకు చేరింది. అక్కడ అదే పట్టకారు '310 టూల్' పేరుతో దశాబ్దాల పాటు అమ్ముడుపోయింది. అమెరికన్లు దాన్ని ముద్దుగా గింజలు పగలగొట్టే పట్టకారు అంటారు. మా అమ్మ చూసి "అడకత్తెర కదూ?" అంది. ఆ పేరే మా ఇంట్లో స్థిరపడిపోయింది.

రెండోది సుత్తి వంశం. విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ 1958లో 'లీ లోడర్' మొదలుపెట్టాడు. ముందు షాట్‌గన్‌కు వచ్చింది, తర్వాత రైఫిళ్లకు, పిస్తోళ్లకు. అరచేతిలో పట్టే పెట్టెలో ఒక ఉక్కు డై (కేసును సరైన కొలతకు నొక్కే అచ్చు), రెండు మూడు కడ్డీలు, ఒక బుల్లి కొలగరిటె ఉంటాయి. సుత్తి మనదే. బల్లకు బిగించే ప్రెస్ (కేసులను డైలోకి నొక్కే యంత్రం) అక్కర్లేదు. వంటింటి బల్ల చాలు, అయితే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి.

సుత్తితో కొట్టి చేసిన తూటాకు గురి ఎక్కడ కుదురుతుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరి ముఖంలోనూ ఒకే చిరునవ్వు. తప్పేమీ లేదు, నేనూ అలాగే నవ్వాను.

తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి, రైఫిల్ గదిలో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, గోడలకు అతుక్కుంటుంది. ఆ వెంటనే వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతుంది, అందుకే బయటికి తీయగలుగుతాం. అంటే ఒకసారి పేలిన కేసు ఆ రైఫిల్ గదికి కొలిచి కుట్టించిన చొక్కా లాంటిది. ఫ్యాక్టరీ తూటా అలా కాదు. దేశంలోని ప్రతి రైఫిల్‌లోనూ పట్టాలి కాబట్టి దాన్ని కాస్త వదులుగానే చేస్తారు. పెద్ద ప్రెస్‌లో పూర్తి నిడివి డైతో నొక్కినా కేసు మొత్తం మళ్లీ ఆ వదులు కొలతకే వెళ్తుంది. లీ లోడర్‌కు, 310కి ఆ శక్తి లేదు. అవి మెడను మాత్రమే బిగిస్తాయి, ఒళ్లు ముట్టుకోవు. చేతిబలం చాలకపోవడం వల్ల వచ్చిన ఈ లోపమే గురికి వరమైంది. అదే కేసును అదే రైఫిల్‌లో పెడితే అది ఇటూ అటూ ఊగకుండా గది మధ్యలో కూర్చుంటుంది. గుండు కూడా గొట్టం ఇరుసుకు నేరుగా నిలుస్తుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. బెంచ్‌రెస్ట్ పోటీల్లో (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చేవి) ప్రపంచంలోనే అతి చిన్న గుంపులు కొట్టే, అంటే గుండ్లన్నీ అతి దగ్గరగా పడేసే, షూటర్లలో చాలామంది ఇప్పటికీ రేంజి పక్కనే కూర్చుని చేతి డైలతో తూటాలు చేసుకుంటారు. వాళ్ల డైలు చాలా నాణ్యమైనవి, ఖరీదైనవి, కానీ కేసును గదికి దగ్గరగా సరిపోయేలా ఉంచాలనే సూత్రం ఇదే. ఇంకా వెనక్కి వెళ్తే, పేరుమోసిన తుపాకి గొట్టాల తయారీదారు హ్యారీ పోప్ కాలపు లక్ష్యవేధ షూటర్లు పోటీ మొత్తం ఒకే ఒక్క కేసుతో నడిపించేవారు. పేల్చడం, ప్రైమర్ మార్చడం, మందు పోయడం, మళ్లీ అదే కేసు. పోప్ చేసిన గొట్టంతో రోలండ్ అనే షూటర్ 1901లో 200 గజాల దూరంలో పది గుండ్లను ముప్పావు అంగుళంలో పడేసిన కాగితం గురించి ఇక్కడి పాత షూటర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా సంగతి అంత గొప్పగా లేదు. నా .30-06 రైఫిల్‌తో 100 గజాల దగ్గర అయిదు గుండ్లు సాధారణంగా అంగుళంన్నరలో పడతాయి. కొన్ని రోజుల్లో అంగుళంలో. అదే రైఫిల్‌లో దుకాణంలో కొన్న చవక తూటాలు రెండంగుళాలు దాటతాయి. తేడా తెచ్చింది సుత్తి కాదు. ఒకే బ్యాచ్ కేసులు, ఒకే రైఫిల్, ప్రతి తూటాలోనూ ఒకే మందు, గుండుకు ఒకే లోతు. పెద్ద యంత్రం ఉన్నా వీటిని పాటించనివారి గుంపులు పెద్దవిగానే ఉంటాయి, నా కళ్లతో చూశాను.

సుత్తి పద్ధతిలో పని ఎలా సాగుతుంది?

ముందు పేలిన కేసులను తుడిచి, పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో ఒక్కొక్కటీ చూడాలి. తర్వాత కేసును చిన్న దిమ్మ మీద నిలబెట్టి, లోపలికి కడ్డీ దించి ఒక్క దెబ్బ కొడితే పాత ప్రైమర్ ఊడిపడుతుంది. కేసు మూతిని డైలోకి పెట్టి, అడుగు భాగం డై అంచుతో సమం అయ్యేవరకు సుత్తితో కొడతారు. మెడ బిగుసుకునేది ఇక్కడే. ఇప్పుడు కొత్త ప్రైమర్‌ను దాని గూడులో ఉంచి, డైని దానిపై నిలిపి, కడ్డీని నెమ్మదిగా తట్టి ప్రైమర్‌ను కూర్చోబెడతారు. మళ్లీ ఒక తట్టుతో కేసు డైలో వదులవుతుంది. పైనుంచి మందు పోస్తారు. గుండును డైలోకి జారవిడిచి, లోతు నిర్ణయించే కడ్డీతో కొడితే తూటా సిద్ధం.

ఇలా రాస్తే అయిదు నిమిషాల పనిలా కనిపిస్తుంది. కిట్టుతో వచ్చిన సూచనల కాగితం చదవకుండా, పక్కన అనుభవజ్ఞులు లేకుండా మొదటి తూటా చేయకండి.

ప్రైమర్ పేలుతుందా?

పేలవచ్చు. నాకు ఒకసారి పేలింది. తప్పు నాదే: ప్రైమర్ గూటిలో వంకరగా కూర్చుంది, చేతికి అది తెలుస్తున్నా "ఇంకొక్క దెబ్బ" అనుకున్నాను. దీపావళి తారాజువ్వ చెవి పక్కన పేలినట్టయింది. అప్పటికి మందు పోయలేదు కాబట్టి చప్పుడు, పొగ, ఇంట్లోవాళ్ల అరుపులతో పోయింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి కళ్లు మిగిలాయి. ఆ రోజు నుంచి ప్రైమర్లు పెట్టడానికి వేరే చేతి పనిముట్టు వాడుతున్నాను. అది బొటనవేలి ఒత్తిడితో పనిచేస్తుంది, ప్రైమర్ అడుగు తగిలిన క్షణం వేలికి తెలుస్తుంది. సుత్తి పద్ధతిలో నేను మార్చినది ఇదొక్కటే. అందరికీ ఇదే చెబుతాను. ప్రైమర్ల డబ్బా ఎప్పుడూ మీరు పనిచేసే చోటికి చెయ్యి అందనంత దూరంలో ఉండాలి.

మందును గరిటెతో కొలవడం ఏమిటి? త్రాసు కదా కావాలి?

రెండూ కావాలి. ఇక్కడ మనవాళ్లకు చెప్పడం తేలిక, ఎందుకంటే సోలెడు బియ్యం సంగతి మనకు తెలుసు. పోసి అంచుకు సమంగా గీసిన సోల వేరు, శిఖ పోసిన సోల వేరు, కుదిపి పోసిన సోల వేరు. సోల ఒకటే, బియ్యం మాత్రం మూడు రకాలుగా తూగుతాయి. మందు గరిటెదీ అదే కథ. గిన్నెలోని మందులోకి గరిటెను నొక్కకుండా, వెనక వైపు నుంచి ముంచి, మందు తనంతట తాను నిండేలా చేసి, ఒక కార్డు ముక్కతో పైభాగాన్ని గీసేయాలి. ప్రతిసారీ అదే వేగం, అదే కోణం. కుదపకూడదు, తట్టకూడదు. చెయ్యి కుదిరితే గరిటె ఆశ్చర్యంగా నిలకడగా కొలుస్తుంది. బెంచ్‌రెస్ట్ షూటర్లు చాలామంది తూచరు, పరిమాణంతోనే కొలుస్తారు.

అయితే గరిటె ఎంత తూకం కొలుస్తుందో తెలియాలంటే త్రాసు ఉండాల్సిందే. మందు బ్యాచ్ మారితే సాంద్రత కొద్దిగా మారుతుంది, గరిటె పరిమాణం మారదు. నేను ప్రతి కొత్త డబ్బాకు పది గరిటెలు విడివిడిగా తూచి చూసుకుంటాను. గురి కోసం చేసే తూటాలకైతే గరిటె కాస్త తక్కువ పోసేలా ఎంచుకుని, మిగిలిన రవ్వలను చిటికెతో త్రాసులో రాలుస్తాను.

ఇక్కడి తూకం గ్రెయిన్లలో ఉంటుంది. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు, ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు వాడిన గురివింద గింజ దాదాపు 120 మిల్లీగ్రాములు. అంటే ఒక గ్రెయిన్ గురివింద గింజలో సగం కన్నా కాస్త ఎక్కువ అన్నమాట. గ్రెయిన్ అనే పేరు కూడా ధాన్యపు గింజ నుంచి వచ్చిందే. మంచి దూలపు త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు చూపిస్తుంది. పాత త్రాసు కొంటే దూలం ఆనుకుని ఊగే కత్తి అంచులకు నూనె రాయకండి, ఫ్యాను ఆపేయండి, తూకపు రాళ్లతో సరిచూడండి. నేను మొదట్లో ఏసీ గాలి కింద కూర్చుని తూచి, త్రాసు పాడైందని దానితో పోట్లాడాను.

ఎంత మందు పోయాలి?

మందు తయారీదారులు లేదా గుండ్ల తయారీదారులు ప్రచురించిన తాజా లోడింగ్ పుస్తకంలో ఉన్నంత. అందులోనూ మొదలుపెట్టవలసిన కనీస తూకం నుంచి. స్నేహితుడు చెప్పిన అంకె, ఇంటర్నెట్‌లో చూసిన అంకె, నేను చెప్పే అంకె, ఏవీ వద్దు.

సంతలో పాత కిట్టు చవకగా దొరికింది. దాని కార్డు మీద మందు పట్టిక ఉంది కదా?

ఆ కార్డును ఫ్రేము కట్టించి గోడకు తగిలించండి. పట్టికను మాత్రం నమ్మకండి. కార్డు ముద్రించినప్పటి మందుల్లో కొన్ని ఇప్పుడు లేవు. పేరు అదే ఉన్నా తయారీ మారి ఉండవచ్చు. పాత గరిటెల కొలమానం కూడా కొత్తవాటికి సరిపోకపోవచ్చు. కొనేటప్పుడు డై లోపలి గోడల మీద తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడండి, అవి కేసు మెడను గీరేస్తాయి. డై మీద చెక్కిన తూటా పేరు పెట్టె మీది పేరుతో సరిపోవాలి. కడ్డీ ఒకటి పోయిన కిట్టు, చక్రం ఊడిన సైకిలు, రెండూ ఒకటే.

అడకత్తెర మంచిదా, సుత్తి మంచిదా?

చేతులకు అడకత్తెర శ్రమ, చెవులకు సుత్తి శ్రమ. 310తో పని నిశ్శబ్దంగా సాగుతుంది, డైలు మారుస్తూ ఒక్కో దశనూ మొత్తం కేసులకు పూర్తి చేయవచ్చు. కానీ రైఫిల్ కేసులు యాభై చేశాక పిడికిలి పట్టేస్తుంది. నాకు ఇష్టమైనది అడకత్తెర. మెడ ఎంత బిగిసిందో, గుండు ఎంత ఒత్తిడితో దిగిందో అరచేతికి తెలుస్తుంది. ఒక కేసులో గుండు మిగతావాటికన్నా వదులుగా దిగితే దాన్ని పక్కన పెట్టేస్తాను. లక్ష్యం మీద దారితప్పే గుండు చాలాసార్లు అదే.

ఏ రైఫిళ్లకు ఇది పనికిరాదు?

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు వద్దు. వాటిలో తూటా దానంతట అదే జారి గదిలో కూర్చోవాలి. మెడ మాత్రమే బిగించిన కేసు ఇరుక్కుంటుంది, పూర్తిగా మూసుకోని స్థితి ప్రమాదం. లివర్, పంప్ రకాల్లోనూ ఇబ్బందే. బోల్టు రైఫిళ్లు (ప్రతి తూటాకూ గదిని చేత్తో తెరిచి మూసేవి), ఒక్క తూటా రైఫిళ్లు దీనికి తగినవి. ఒక రైఫిల్ కేసులు ఇంకో రైఫిల్‌కు వాడకండి. పెట్టె మీద రైఫిల్ పేరు రాసుకోండి.

మన త్రీ నాట్ త్రీకి పనికొస్తుందా?

చాలామంది ఎన్‌సీసీ జ్ఞాపకాలతో ఈ ప్రశ్న అడుగుతారు. మన పోలీసు స్టేషన్లలో తరాల పాటు కనిపించిన ఆ .303 ఇండియాలో పౌరులకు నిషిద్ధ బోరు. అమెరికాలో మాత్రం ఆ తూటా వాడే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు, సైన్యాలు వదిలేసిన మిగులువి, చాలామంది దగ్గర ఉన్నాయి. వాటికి ఈ పాత పద్ధతి ప్రత్యేకంగా నప్పుతుంది. యుద్ధభూమి బురదలోనూ తూటా పట్టాలని ఆ రైఫిల్ గదిని వదులుగా చేశారు. కేసు భుజం మొదటి పేలుడుకే బాగా ముందుకు జరుగుతుంది. పూర్తి నిడివి డైతో ప్రతిసారీ దాన్ని వెనక్కి నెడుతూ ఉంటే, కేసు అడుగుకు కాస్త పైన సన్నబడి నాలుగైదు సార్లకే తెగిపోవచ్చు. మెడ మాత్రమే బిగిస్తే ఎక్కువ కాలం బతుకుతుంది.

అయితే పాత సైనిక .303 కేసులు సాధారణంగా మనకు పనికిరావు. వాటివి బెర్డాన్ ప్రైమర్లు: అడుగున రెండు రంధ్రాలు పక్కపక్కన ఉంటాయి, నడిమి కడ్డీకి దారి లేదు. మనకు కావలసింది ఒకే రంధ్రం ఉన్న బాక్సర్ రకం. ఇక్కడొక తమాషా ఉంది. బెర్డాన్ అమెరికన్, బాక్సర్ ఆంగ్లేయుడు. ఇద్దరివీ 1860ల నాటి ఆవిష్కరణలే. అమెరికా ఆంగ్లేయుడిది తీసుకుంది, ఐరోపా సైన్యాలు అమెరికన్‌ది తీసుకున్నాయి. పొరుగింటి పుల్లకూర రుచి.

ఒక కేసును ఎన్నిసార్లు వాడవచ్చు?

అంకె చెప్పలేను, గుర్తులు చెబుతాను. ఇత్తడిని సాగదీసి నొక్కుతూ ఉంటే గట్టిపడి పెళుసవుతుంది, ముందు మెడ దగ్గర పగులుతుంది. మెడను వేడిచేసి మెత్తబరిస్తే ఆయుష్షు పెరుగుతుంది, కానీ అడుగు భాగానికి వేడి తగలకూడదు. అది మెత్తబడితే మీ ముఖానికే ప్రమాదం. సన్నని తీగ చివర కొక్కెంలా వంచి కేసు లోపలి గోడ మీద లాగండి. అడుగుకు పైన గాడి తగిలితే ఆ కేసు పని అయిపోయినట్టే, పటకారుతో నలిపి చెత్తలో వేయండి. పొడవు పెరిగిన కేసులను కత్తిరించాలి. కొన్నిసార్లు వాడాక బోల్టు మూయడం బిగుతుగా అనిపిస్తే, ఆ బ్యాచ్‌ను ఒకసారి పూర్తి నిడివి డైలో నొక్కక తప్పదు. నా పాత పనిముట్ల అభిమానం అక్కడ ఆగుతుంది, పొరుగున ఉన్న మిత్రుడి ప్రెస్ అరువు తీసుకుంటాను.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏది?

ఒకే కేసులో రెండుసార్లు మందు పోయడం, లేదా అసలు పోయకపోవడం. మొదటిది రైఫిల్‌ను చీల్చవచ్చు. రెండోదానిలో ప్రైమర్ బలంతో గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఆగవచ్చు, దాని వెనక ఇంకొకటి పేలిస్తే అంతే. రేంజిలో 'టప్' అని నీరసమైన చప్పుడు వస్తే వెంటనే ఆపి గొట్టంలోకి చూడాలి, తుపాకి ఖాళీ చేసిన తర్వాతే. బల్ల మీద ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి. గుండు కూర్చేముందు టార్చి వేసి ప్రతి కేసులోనూ మందు మట్టం చూడాలి. మధ్యలో ఫోను వస్తే చేతిలో ఉన్న కేసులోని మందు తిరిగి డబ్బాలో పోసేసి, మళ్లీ మొదటి నుంచి.

సీసం గుండ్లు కూడా పోసుకుంటారా?

అప్పుడప్పుడు. ఒకప్పుడు ఇక్కడి షూటర్లు పత్రికాఫీసుల్లో అచ్చు అక్షరాలు పోసే లైనోటైప్ లోహం కోసం తిరిగేవారు. సీసంలో ఆంటిమొనీ, తగరం కలిసిన ఆ మిశ్రమం గట్టిగా, అచ్చులో చక్కగా నిండుతుంది. నిన్నటి వార్తలు కరిగి గుండ్లయ్యేవన్నమాట. ఇప్పుడు ఆ ప్రెస్సులు లేవు, లోహం కొనుక్కోవాలి. సీసం పోసేటప్పుడు గాలి ఆడే చోటు, చేతి తొడుగులు తప్పనిసరి. కరిగిన సీసంలో ఒక్క చెమట చుక్క పడినా అది చిమ్ముతుంది. పని అయ్యాక చేతులు కడగకుండా ఏదీ తినకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని వద్దనే నా అభిప్రాయం.

డబ్బు మిగులుతుందా?

మిగలదు. తూటాకు అయ్యే ఖర్చు తగ్గుతుంది, పేల్చే తూటాలు పెరుగుతాయి. 2020 తర్వాత ప్రైమర్లు దొరకని రోజుల్లో ఆ లెక్క కూడా తప్పింది.

గంటకు ఎన్ని?

నాకు ఇరవై. అంతకన్నా వేగం కావాలంటే ప్రెస్ కొనుక్కోండి.

ఒకసారి వచ్చి చూడవచ్చా?

తప్పకుండా రండి, శనివారం ఉదయం అయితే మంచిది. కళ్లద్దాలు నేనిస్తాను. ఫోను బయట పెట్టాలి. త్రాసు ఊగుతున్నంతసేపు నన్ను ఏమీ అడగవద్దు. ఇరవయ్యో తూటా పెట్టెలో పడ్డాక, చేతులు కడుక్కుని, కాఫీ దగ్గర ఎన్ని ప్రశ్నలైనా అడగండి.